అర మార్కు తేడా

మా మేడమ్ గారు పోయారని మొన్న గన్నవరం నుంచి వాళ్ల తమ్ముడు ఫోన్ చేశారు. చర్చిలో ప్రార్థనకు వెళ్లాను. ఆవిడ గురించి నాలుగు మాటలు చెప్పమంటే, మంచి మనిషని చెప్పి కూర్చున్నాను. చెప్పాల్సింది చెప్పలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

డెబ్బైల్లో విజయవాడలోని ఒక కంప్యూటర్ కేంద్రంలో ఆవిడ నా పై అధికారి. కాలేజీ సీట్లకు ర్యాంకుల జాబితా మేమే తీసేవాళ్లం. నేను రాసిన ప్రతి ప్రోగ్రామునూ ఆవిడ పెన్సిల్ పట్టుకుని వరుస వరుసా చదివేవారు. ఒక ఏడాది మాత్రం జ్వరంగా ఉండి, "నువ్వు సరిచూశావుగా?" అని అడిగి సంతకం పెట్టారు. చూశానన్నాను. చూడలేదు.

జాబితా అంటించిన మర్నాడు హనుమాన్ జంక్షన్ నుంచి ఒక అమ్మాయి వచ్చింది. "మా క్లాసమ్మాయికి నాకంటే అర మార్కు తక్కువండీ. ఆమె పేరు పైనుంది, నాకు సీటు లేదు" అంది.

మేడమ్ గారు నా ప్రోగ్రాము తెప్పించుకున్నారు. మార్కులు పోల్చే చోట పెన్సిల్ ఆగింది.

"ఇద్దరి మార్కుల తేడా తీసి, దశాంశం వదిలేసి పూర్ణసంఖ్య చేస్తున్నావు. అర మార్కు ఏమవుతుందయ్యా?"

"సున్నా అవుతుందండీ."

"అంటే ఇద్దరూ సమానమేనా?"

సమానమైతే ముందు దరఖాస్తు పెట్టినవాళ్లే పైన. ఆ క్లాసమ్మాయి దరఖాస్తు ముందొచ్చింది.

"అసలు తీసివేత ఎందుకు? ఎవరిది ఎక్కువో అడిగితే చాలుగా" అంటూ ఆవిడే మూడు వరుసలు మార్చారు.

"ఈ అమ్మాయి పేరొక్కటీ సరిచేస్తే ఎవరికీ తెలీదండీ" అన్నాను.

"మిగతావాళ్లో? అర మార్కయినా ఒకరి కష్టమే కదయ్యా."

జాబితా మొత్తం మళ్లీ తీశాం. చాలా పేర్లు చోటు మారాయి. ఆ అమ్మాయికి సీటొచ్చింది.

డైరెక్టర్ గారు మా ఇద్దరినీ పిలిపించి, తప్పెవరిదని అడిగారు. "సంతకం నాదండీ" అన్నారు మేడమ్ గారు. నేను పక్కనే నిలబడి నేల చూశాను. వారం తిరగకుండానే ఆవిడను, మేం కాగితం మీద రాసిచ్చింది చూసి కంప్యూటర్ కార్డులకు చిల్లులు కొట్టే పంచింగు విభాగానికి మార్చి, ఆవిడ కుర్చీ నాకిచ్చారు. తీసుకున్నాను.

ఆవిడ రిటైరయ్యాక ఒకసారి బస్టాండులో కనిపిస్తే, "ఆ రోజు నేను చెప్పాల్సిందండీ" అన్నాను.

"చెప్తావేమోనని చూశానయ్యా" అన్నారు. అంతే.

ఇప్పుడు ఆవిడను తలుచుకుంటే ఆ మాట కంటే ముందు ఇంకొకటి గుర్తొస్తుంది. కుర్చీ మారిన మొదటి రోజు, నేను రాసిన కాగితాలు పంచింగుకు తీసుకెళ్లాను. ఆవిడ లేచి నిలబడి అందుకున్నారు. ఒక అంకె మీద వేలు పెట్టి, అందరి ముందూ నన్ను అడిగారు:

"ఇది ఒకటాండీ, ఏడాండీ?"