నక్షా మూలన ఉన్న పేరు

మెట్ల నక్షాలో చూడవలసినవి మూడేనని డిప్లొమాలో మాకు నేర్పారు: మెట్టు ఎత్తు, మెట్టు వెడల్పు, మలుపులో తలకు తగలనంత జాగా. ఎనభైలలో ఒక ఉదయం, ఉద్యోగం కోసం గీసిన అలాంటి నక్షా పట్టుకుని బొంబాయి గ్రాంట్ రోడ్‌లో వర్లి బస్సెక్కాను. పక్క సీటు పెద్దమనిషి తెలుగువాడే. ఏమిటది, విప్పి చూపించమన్నాడు.

"ఈ మెట్లు చూస్తే ఎక్కబుద్ధి అయితంది, తమ్మీ!"

అంతలో ఆయన వేలు మూలన నా చిరునామా దగ్గర ఆగింది.

"కామాటిపుర అని ఎందుకు రాసినవ్? గ్రాంట్ రోడ్ అని రాయి."

"మేముండేది అక్కడనే, కాకా. ఈ ఊర్ల బిల్డింగులు కట్టిన మన కామాటోళ్ల పేరే గదా అది."

"అది నాకెర్క, నీకెర్క. నీ సాబుకు ఆ పేరింటే బజారు ఆడోళ్లే యాదికొస్తరు."

"మెట్లు మంచిగుంటే చాలదా?"

"మెట్లు చూడాల్నంటే ముందుగాల కాగితం చేతిల పట్టాలె గదా, పిచ్చోడా!" అని నవ్వి, కిటికీ వైపు తిరిగాడు. "నా బిడ్డ పెండ్లి పత్రికల గూడ గ్రాంట్ రోడ్ అనే కొట్టించిన."

ఆయన దిగిపోయాక, ఆ సిరా అక్షరాలను బ్లేడుతో గీకేసి గ్రాంట్ రోడ్ అని రాశాను.

ఉద్యోగం వచ్చింది. మెట్లు చూసి ఇచ్చారో, చిరునామా చూసి ఇచ్చారో తెలియదు. ఆ తర్వాత నా నక్షాలను ఎవరు మెచ్చుకున్నా నమ్మలేకపోయాను. నేను నమ్మగలిగిన మెప్పు ఒక్కటే, బస్సులో ఆయన వేలు మూలకు చేరకముందు అన్నది.