రాహేలు టీచర్ కారు

మిర్యాలగూడలో టీచర్ వాళ్ల పాత గోదాము తలుపు తీయగానే ఎలుకల కంపు, పాత రెగ్జిన్ వాసన కలిసి ముఖానికి కొట్టాయి. ఊక బస్తాల వెనక టార్పాలిన్ కింద, టైర్లలో గాలి పోయి నేలకు కూలబడిన అంబాసిడర్. రాహేలు టీచర్ పోయిన ఏడాదికి, ఆమె చెల్లెలి కూతురు సునీత గోదాము ఖాళీ చేయిస్తుంటే బయటపడింది. టీచర్‌కు దగ్గరిదాన్నని, అమ్మిపెట్టమని నన్ను సూర్యాపేట నుంచి పిలిపించింది. కొనే మనిషి వచ్చేదాకా నేను కుదురుగా కూర్చోలేకపోయాను. కారు చుట్టూ తిరుగుతూనే ఉన్నాను, ఎడమవైపు మాత్రం చూడకుండా.

కోదాడలో టీచర్ భర్త నడిపే బడిలో నాకు మొదటి ఉద్యోగం. ఆత్మకూరులో గొర్రెలు కాసే ఇంటి పిల్లను. నలుగురిలో నోరు విప్పాలంటే వణుకు. "బండి తోలడం వస్తే మనుషులంటే భయం పోతుందమ్మా" అని టీచర్ ఆదివారం ఆరాధన అయ్యాక, సారుకు చెప్పకుండా, నన్ను హుజూర్‌నగర్ రోడ్డుకు తీసుకెళ్లేవారు. నాలుగో ఆదివారం గేదెను తప్పించబోయి కిలోమీటరు రాయిని గుద్దాను. ఎడమ మడ్‌గార్డు లోపలికి పోయింది, చక్రం కాస్త వంకరపోయింది.

టీచర్ దిగి వచ్చి నన్ను పక్క సీట్లోకి జరగమన్నారు.

"ఇంటి దగ్గర నువ్వేం మాట్లాడకు."

"గుద్దింది నేను టీచర్. నేనే చెప్త."

"చెప్తే రేపు బడికి రానిస్తారా నిన్ను?"

నేను పక్క సీట్లోకి జరిగాను. ఆడవాళ్లకు స్టీరింగ్ ఇస్తే ఇంతేనంటూ సారు ఆ సాయంత్రమే తాళాలు లాక్కున్నారు. కారును బాగు చేయించకుండా ఈ గోదాముకు చేర్పించారు. టీచర్ మళ్లీ ఏ బండీ నడపలేదు.

కొనడానికి వచ్చినాయన బానెట్ ఎత్తి చూశాడు. వైర్లన్నీ ఎలుకలు కొరికేశాయి.

"ఇంజన్ ఖతం. పర్వాలేదు మేడం, హోటల్ ముంగట షోకు పెడ్త. గీ దెబ్బ ఎట్ల తాకింది?"

"మా పెద్దమ్మ గుద్దింది" అంది సునీత నవ్వుతూ. "ఆమెకు డ్రైవింగ్ రాదు. మా ఇంట్ల అందరికీ తెలుసు."

ఆ నవ్వును తట్టుకోలేకపోయాను.

"ఆమె కాదు సునీతా. నేను గుద్దిన. నా నౌకరి పోతదని టీచర్ తన మీద ఏసుకుంది."

సునీత నవ్వు ఆగిపోయింది.

"పెదనాయన పోయినంక గూడ ఎందుకు చెప్పలే అక్కా?"

కారును తాళ్లతో లారీ మీదికి లాగుతుంటే ఆమె నా వైపు చూడలేదు.

తాళాలు సారు చేతికి పోయాక టీచర్ రిటైరయ్యేదాకా బడికి బస్సులోనే వచ్చారు. నేనెక్కే స్టాపు వచ్చేదాకా పక్క సీట్లో గొడుగు పెట్టి ఉంచేవారు. నన్ను చూడగానే గొడుగు తీసి, "రా, కూర్చో" అనేవారు. ఒక్కనాడూ ఆ కారు మాట ఎత్తలేదు. ఇప్పటికీ బస్సులో ఎవరైనా పక్కకు జరిగి చోటిస్తే, నేను వెంటనే కూర్చోలేను.