తిమ్మప్ప బండికి పెట్టిన టర్బో

ఇన్నేళ్లుగా నేను ఒక మాటను మోస్తున్నాను. చిన్న మాటే. ఒక మనిషి నన్నొక ప్రశ్న అడిగాడు. నేను కాదన్నాను. అది అబద్ధమని చెబుతున్నప్పుడే నాకు తెలుసు. నా భార్యకు చెప్పలేదు. నమాజు తర్వాత చేతులెత్తి వేరే తప్పులన్నీ ఒప్పుకునేవాణ్ణి. దీని దగ్గరికి వచ్చేసరికి లేచి చెప్పులు వేసుకునేవాణ్ణి. మీరెవరో నాకు తెలియదు. తెలియని మనిషి కాబట్టే మీకు చెప్పగలనేమో అనుకుంటున్నాను.

నా పేరు వద్దు. గద్వాలలో డీజిల్ బండ్ల మెకానిక్‌ని. అప్పటికి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ అన్నీ ఒకటే జిల్లా. చేతిలో సెల్‌ఫోన్ ఉన్నవాణ్ణి జనం ఇంకా తిరిగి చూసే రోజులు. నేను కర్నూలులో ఒక ఉస్తాద్ దగ్గర పని నేర్చుకొని వచ్చి సొంతంగా దుకాణం పెట్టుకున్న కొత్త.

తిమ్మప్పది మల్దకల్ దగ్గర ఒక పల్లె. వానపడితేనే పండే భూమి. ఒక పాత డీజిల్ పికప్పు కొనుక్కొని ఊళ్లోవాళ్ల వేరుశెనగ, పత్తి మార్కెట్లకు చేరవేసేవాడు. ఎత్తు వస్తే చాలు, లోడుతో ఆ బండి దగ్గుకుంటూ మొదటి గేరులో పాకేది. వెనకాల వచ్చేవాళ్లంతా హారన్ కొట్టి తిట్టుకుంటూ దాటిపోయేవాళ్లు. దానికి బలం రావాలంటే ఏం చేయాలని అతను అడగలేదు. ఆ మాట ఎత్తింది నేనే. ఇది గుర్తుంచుకోండి. టర్బో పెడదామన్నది నేనే.

టర్బో అంటే పెద్ద విద్యేం కాదు. ఇంజన్ వదిలే పొగతోనే ఒక చిన్న చక్రం తిరుగుతుంది. ఆ చక్రం ఇంజన్‌లోకి ఎక్కువ గాలిని తోస్తుంది. గాలి ఎక్కువైతే బలం ఎక్కువ. రాయచూరులో పాత సామాన్ల దుకాణంలో, గుద్దుకొని నుజ్జయిన ఒక పెద్ద బండి టర్బో దొరికింది. దాన్ని ఈ పికప్పుకు పట్టించడానికి గొట్టాలు నేనే కోసి, వంచి, వెల్డింగ్ చేశాను. ఒక బండిది ఇంకో బండికి ఇలా పట్టించడం నాకు ఎవరూ నేర్పలేదు. చేస్తున్నంత సేపు నాకు ఆకలి కూడా తెలియలేదు.

ఆ రోజుల్లో తిమ్మప్ప భార్య సవారమ్మ, కూతుర్ని వెంటబెట్టుకొని ఒకసారి దుకాణానికి వచ్చింది. ఆమె పొద్దున్నే చేసిన జొన్నరొట్టెలు, వేరుశెనగ పచ్చడి తెచ్చింది. నా చేతులు మడ్డిగా ఉన్నాయంటే రొట్టెలో పచ్చడి పెట్టి చుట్టి ఇచ్చింది. బండి సిద్ధమయ్యాక స్టార్ట్ చేసి రేసు ఇస్తే టర్బో సన్నగా కూసింది. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది. "మా బండి ఈలేస్తది" అంది కూతురితో. ఆ తర్వాత వాళ్ల ఊళ్లో అందరూ దాన్ని ఈల బండి అనే పిలిచారు.

బండి బాగా నడిచింది. నిండు లోడుతో ఎత్తులు ఎక్కింది. వనపర్తి నుంచి జీపుల వాళ్లు చూడటానికి వచ్చారు. నేను బానెట్ ఎత్తి చూపించేవాణ్ణి.

ఇక్కడి నుంచే చెప్పడం కష్టం.

టర్బోకు ఇంజన్ ఆయిల్ ఒక గొట్టంలో పోవాలి, ఇంకో గొట్టంలో తిరిగి రావాలి. తిరిగి వచ్చే గొట్టం లావుగా, తిన్నగా కిందికి ఉండాలి. లేకపోతే ఆయిల్ అక్కడే నిలిచి, టర్బోలోంచి కారి, గాలితోపాటు ఇంజన్‌లోకి పోతుంది. ఉస్తాద్ దీన్ని నాకు వంద విధాలుగా చెప్పాడు. నేను మాత్రం చేతికి దొరికిన సన్న గొట్టం వేశాను. చోటు లేక ఒక వంపు కూడా తిప్పాను. సరిగ్గా చేయాలంటే ఇంజన్ కింది తొట్టి దింపి కొత్త రంధ్రం వేయాలి. తర్వాత చేద్దాంలే అనుకున్నాను.

తిమ్మప్ప ఒకరోజు వచ్చి, ఆయిల్ తగ్గుతోంది, నీలం పొగ వస్తోంది అన్నాడు. గాలి గొట్టం ఊడదీసి వేలు పెట్టి చూశాను. వేలికి ఆయిల్ అంటింది. అప్పుడు ఆపాల్సింది. బండి రెండు రోజులు ఇక్కడ పెట్టు అనాల్సింది. కానీ బయట వనపర్తి జీపు వాళ్లిద్దరు నిలబడి ఉన్నారు. వాళ్ల ముందు నా పనిలో తప్పుందని ఎలా అంటాను? వేలు గుడ్డకు తుడుచుకొని, బిగింపు ఇంకాస్త తిప్పి, కొత్తలో ఇట్లాగే ఉంటుంది, పంట దినాలు అయిపోయాక చూద్దాం అన్నాను. అతను నమ్మాడు. ఆయిల్ డబ్బా ఒకటి బండిలో పెట్టుకొని తిరిగాడు.

కొన్నాళ్లకే తిమ్మప్ప, సవారమ్మ నాగర్‌కర్నూల్ బయల్దేరారు. వెనక వేరుశెనగ బస్తాలు. అక్కడ సవారమ్మ చెల్లెలికి కాన్పయింది. చూసొస్తానని ఆమె ముందు సీట్లో కూర్చుంది. కూతుర్ని నాయనమ్మ దగ్గర ఉంచారు. వనపర్తి దాటాక ఒక దిగుడులో బండి దానంతట అదే రేసు అందుకుంది. కాలు తీసినా తగ్గలేదు. తాళం తిప్పాడు. ఇంజన్ ఆపే స్టాప్ వైరు లాగాడు. ఆగలేదు. బ్రేకు మీద నిలబడ్డా బండి ముందుకే లాక్కుపోయింది. తెల్లటి పొగ కేబిన్ నిండా కమ్మింది. బండి అంటుకుంటుందని భయపడి, దూకమని భార్యతో అరిచాడు. ఆమె దూకింది. అతను చెప్పాడు కాబట్టి దూకింది. రోడ్డు పక్కన కాలువ మోరీ కట్టకు తల తగిలి అక్కడే పోయింది.

బండి పక్క చేనులోకి దిగి, ఇంజన్ బిగుసుకుపోయి, అదే ఆగింది. అతనికి చేయి విరిగింది, అంతే. ఆమె కూర్చున్న సీటుకు గీత కూడా పడలేదు.

కబురు తెలిసిన మరునాడు పొద్దున నేను అక్కడికి వెళ్లాను. సాయం చేయడానికి వెళ్లానని అందరూ అనుకున్నారు. నేను కూడా దారిలో అలాగే అనుకున్నాను. కానీ సంచిలో పానాలతోపాటు, టర్బో పెట్టినప్పుడు విప్పిన పాత గొట్టం కూడా పెట్టుకున్నాను. అది ఎందుకు పెట్టుకున్నట్టు? బండిని చూడటానికి ఇన్‌స్పెక్టర్ మధ్యాహ్నం వస్తాడని కానిస్టేబుల్ చెప్పాడు. బండి లాగడానికి సిద్ధం చేస్తానన్నాను. అతను వేపచెట్టు నీడకు పోయి కూర్చున్నాడు. నేను టర్బో విప్పాను. పాత గొట్టం బిగించాను. ఆయిల్ రంధ్రాలకు బోల్టులు కొట్టాను. గాలి గొట్టంలో ఆయిల్ నిండా ఉంది. దాన్ని నా లుంగీతోనే తుడిచాను. కాస్త అవతల రోడ్డు మీద ఆమె గాజుపెంకులు ఇంకా అలాగే ఉన్నాయి.

ఇన్‌స్పెక్టర్ వచ్చి చూశాడు. బ్రేకులు బాగున్నాయి. స్టాప్ వైరు బాగుంది. ఇంజన్‌లో ఆయిల్ లేదు. ఆయిల్ చూసుకోకుండా నడిపాడు, కంగారుపడి భార్యను దూకించాడు అని తేల్చాడు. టర్బోను నేను మళ్లీ రాయచూరు తీసుకుపోయి, కొన్న దుకాణంలోనే పడేసి వచ్చాను.

దవాఖానలో ఉన్న తిమ్మప్పకు ఏం చెప్పానో తెలుసా? గా టర్బో పెట్టినట్టు దెలిస్తే నీ మీద ఇంకో కేసైతదన్నా, అందుకే తీసేసిన అన్నాను. అతను బాగున్న చేత్తో నా చేయి పట్టుకొని కళ్లకు అద్దుకున్నాడు.

సవారమ్మ అన్నలది వడ్డేపల్లి. వాళ్లు అతని మాట నమ్మలేదు. తాళం తిప్పినా ఆగని బండి ఎక్కడుంటుంది? కావాలనే తోసేశాడని కేసు పెట్టారు. పిల్లను తీసుకుపోయారు.

బెయిలు మీద వచ్చిన కొద్ది రోజులకు తిమ్మప్ప నా దుకాణానికి వచ్చాడు. గుండు చేయించుకున్న తలమీద వెంట్రుకలు అప్పుడే మొలుస్తున్నాయి. పాత టైరు మీద కూర్చున్నాడు.

"భాయ్, నిన్నొకటి అడుగుత. దాపెట్టకుండ చెప్పు."

"అడుగన్నా."

"ఇంజన్ సంగతి నీకు దెలిసినట్టు ఇంకెవ్వనికి దెల్వదు. స్టాప్ వైరు గుంజినంక గూడ ఇంజన్ నడుస్తదా?"

నేను పానా తుడుస్తున్నాను.

"నేనైతే గుంజిన భాయ్. గుంజిననే అనుకుంటున్న. అందరు గుంజలేదంటుండ్రు. గా టర్బోతోని గిట్ల గట్లేమన్న అయితదా?"

"కాదన్నా. డీజిల్ బందైతే ఇంజన్ యాడ నడుస్తది? నడ్వదు."

"నడ్వదా?"

"నడ్వదన్నా."

అతను తల ఊపాడు. "గట్లయితే భయానికి నేనే ఏమో చేసిన" అన్నాడు. లేచి, లుంగీ దులుపుకొని వెళ్లిపోయాడు.

నడుస్తుంది. ఇదే నేను చెప్పాల్సింది. డీజిల్ ఇంజన్‌కు కాలడానికి ఏదో ఒక నూనె ఉంటే చాలు. డీజిల్ ఆపేసినా, టర్బోలోంచి కారే ఆయిల్‌ను తాగుతూ నడుస్తుంది. పిచ్చెత్తినట్టు పరుగెడుతుంది. తన ఆయిలంతా తాగేసి, బిగుసుకుపోయినప్పుడే ఆగుతుంది. కర్నూలులో ఒక లారీ అలా రేసెత్తితే ఉస్తాద్ గాలి గొట్టంలో గోనెసంచి కుక్కి ఆపడం నేను కళ్లారా చూశాను. తెలియక చెప్పిన మాట కాదు నాది.

ఎందుకు చెప్పాను? జైలు భయమా? ఉంది. కొత్త దుకాణం మూతపడుతుందనా? అదీ ఉంది. కానీ నన్ను నేను గట్టిగా అడిగితే వచ్చే జవాబు వేరే. నా చేతి పని ఒక మనిషిని చంపిందని నా నోటితో అనలేకపోయాను. అంతకన్నా, అతని భుజం మీద ఆ బరువు అప్పటికే ఉంది కదా, అక్కడే ఉండనీ అనుకున్నాను. ఇలా రాసి చూస్తే ఎంత నీచంగా ఉందో. ఆ రోజు ఇంత తేటగా కనిపించలేదు. కనిపించకుండా చూసుకున్నాను.

కేసు కొన్నేళ్లు నడిచి కొట్టేశారు. సాక్ష్యం లేదన్నారు. కానీ వడ్డేపల్లి వాళ్ల మనసులోంచి అది పోలేదు. తిమ్మప్ప మళ్లీ స్టీరింగ్ పట్టలేదు. గద్వాలలో పత్తి మిల్లులో హమాలీగా కుదిరాడు. మిల్లుకు పోతూ వస్తూ నా దుకాణం ముందు ఆగేవాడు. ఆపతిలో నిలబడ్డ మనిషి భాయ్ ఒక్కడే అని నా ఎదుటే నలుగురికి చెప్పేవాడు. నేను టీ తెప్పించేవాణ్ణి. ఆ టీ తాగుతూ ఒకసారి, ఎవరూ అడగకుండానే, తాను వైరు లాగలేదని అన్నాడు. భయంలో లాగాననుకున్నాడట. ఇప్పుడు బాగా గుర్తుకొచ్చిందట. నా అబద్ధం అతనిలో జ్ఞాపకమై కూర్చుంది. అప్పుడన్నా చెప్పి ఉండవచ్చు. నేను గ్లాసులో మిగిలిన టీ చూస్తూ కూర్చున్నాను.

కిందటి వానాకాలంలో కామెర్లు ముదిరి తిమ్మప్ప పోయాడు. మట్టి చేసేటప్పుడు కూతురు వచ్చింది. దూరంగా నిలబడి, అందరికన్నా ముందు వెళ్లిపోయింది.

ఆమెను వెతుక్కుంటూ వడ్డేపల్లి వెళ్లడానికి నాకు ఇంకా కొన్ని నెలలు పట్టింది. ఆమె మిషన్ కుట్టుకుంటోంది. కూర్చోమని కుర్చీ వేసి, మంచినీళ్లు ఇచ్చింది. నేను కూర్చోలేదు. ఇప్పుడు మీకు చెప్పినట్టే అంతా చెప్పాను. టర్బో, సన్న గొట్టం, పొగ, చేనులో నేను చేసిన పని, ఆ మాట. ఆమె కుట్టేది ఆపి విన్నది. చివరికి ఒకటే అడిగింది.

"మా నాయినకు చెప్పినవా?"

"లేదమ్మా."

ఆమె చేతిలో ఉన్న గుడ్డను మడత పెట్టింది. మళ్లీ విప్పి, ఇంకోసారి మడిచింది.

"నేను పెద్దగయినంక ఒకపారి వచ్చిండు. మామోళ్లు ఇంట్ల లేరు. నేనే తలుపేసిన" అంది.

నన్ను తిడుతుందేమోనని చూశాను. తిడితే బాగుండుననుకున్నాను. కాళ్లు పట్టుకుందామని వంగబోతే తన కుర్చీ వెనక్కి జరుపుకొని లోపలికి వెళ్లింది. లోపల కుళాయి తిప్పిన చప్పుడు వచ్చింది. చాలాసేపు నీళ్లు పోతూనే ఉన్నాయి. నేను గ్లాసు అరుగు మీద పెట్టి బయటికి నడిచాను.

క్షమించమని ఆమెను నేను అడగలేదు. అడిగే హక్కు నాకు లేదని చెబితే బాగా ఉంటుంది. నిజం అది కాదు. అడగడానికి నోరు రాలేదు. మా నాయిన అలాంటివాడు కాదని ఆమె మామలకు చెప్పుకుందో లేదో తెలియదు. నేను చెప్పింది ఆమెకు మేలు చేసిందా, మూసిన తలుపును ఇంకా బరువు చేసిందా, అదీ తెలియదు.

తిరుగు బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. ఊరు దాటకముందే నిద్రపట్టింది. కల లేదు, ఉలికిపాటు లేదు, పసిపిల్లాడిలాగా నిద్రపోయాను. గద్వాలలో అందరూ దిగిపోయాక కండక్టర్ నా భుజం తట్టి లేపాడు. ఆ పిల్లను అక్కడ ఏడిపించి వచ్చి, నేను అంత హాయిగా నిద్రపోయాను. అన్నీ చెప్పినవాణ్ణి, ఇది కూడా దాచకుండా చెబుతున్నాను.