ఎర్ర గీతలు తగ్గిన నెల

ఎం.ఇడి. చదవాలన్న బుద్ధి నాకు నలభయ్యో ఏట పుట్టింది. అప్పటికే సత్తెనపల్లి అవతల ఒక ఊరి హైస్కూల్లో పదిహేనేళ్ళుగా ఇంగ్లీషు చెబుతున్నాను. పిల్లల నోళ్ళు మూయించడానికి ఒక శాస్త్రం ఉందని తెలియక, అన్నాళ్ళూ చూపుడువేలుతోనే నెట్టుకొచ్చాను. ‘తరగతి నిర్వహణ ప్రణాళిక వల్ల విద్యార్థుల ప్రవర్తనలో మార్పు’ అన్న పరిశోధనాంశం మా గైడుగారే ఇచ్చారు. ఆయన హైస్కూలు గడప తొక్కి ఎన్నాళ్ళయిందో నేను అడగలేదు. అడగడం సత్ప్రవర్తన కాదు కదా!

ప్రణాళిక ఘనంగానే ఉంది. గోడమీద నియమాల చార్టు. మాట్లాడాలంటే చెయ్యెత్తాలి. అల్లరి చేస్తే నా పుస్తకంలో పేరు పక్కన ఎర్ర గీత, బుద్ధిగా ఉంటే పచ్చ గీత. మొదటివారం తొమ్మిదో తరగతి మొత్తం నన్ను జాలిగా చూసింది. రెండోవారం పచ్చ గీతల కోసం అందరూ ఒకేసారి చేతులెత్తి, ఎత్తిన చేతులతోనే ఒకరినొకరు పొడుచుకున్నారు.

ఎర్ర గీతల్లో చాలా భాగం ఒక్క పిల్లవే. మూడో బెంచీ చివర కూర్చునేది. దాని గొంతుండగా ఊరికి మైకు దండగ.

“ఏంటే ఆ అరుపులు?” అంటే, “అరవట్లేదండీ టీచర్, మాట్లాడతన్నా” అనేది.

నిజమే, అది దాని మామూలు గొంతు. నా పుస్తకంలో మామూలు గొంతుకు గడి లేదు. గీత పెట్టేశాను.

ఫిబ్రవరిలో అద్భుతం జరిగింది. తరగతి ప్రశాంతంగా మారిపోయింది. ఎర్ర గీతల గ్రాఫు బావిలోకి చేద దిగినట్టు దిగింది. మురిసిపోయి గైడుగారికి ఫోను చేస్తే ఆయన నాకన్నా మురిసిపోయారు. ఆ సంబరంలో సగం బెంచీలు ఖాళీగా ఉన్న సంగతి ఆయనకు చెప్పడం మరిచాను. పిల్లలు మిరపకాయ కోతలకు పోయారు మరి.

ఒక శనివారం బడి వదిలాక ఆ పిల్ల కోసం చేనుకు వెళ్ళాను. తలకు చున్నీ చుట్టుకుని, తల్లి పక్కన సాలు పట్టి కాయ కోస్తోంది. గట్టుమీదికే వినబడుతోంది దాని గొంతు: “పెద్దమ్మా, వెనకాల చెట్టుకి కాయలొదిలేశావ్! పిన్నీ, పచ్చికాయ కొయ్యబాక!” తలలు నెరిసిన ఆడవాళ్ళు మారుమాట లేకుండా వెనక్కొచ్చి కోస్తున్నారు. చార్టూ లేదు, గీతలూ లేవు.

నన్ను చూసి బిక్కమొహం వేసింది. “రాని రోజులక్కూడా ఎర్ర గీతలేశారా టీచర్?”

“లేదే. ఈ నెలంతా నీకు ఒక్కటి కూడా పడలేదు.”

దాని మొహం వెలిగిపోయింది. “విన్నావా అమ్మా! నేను మారిపోయానంట!” అని చేనంతా మోగేలా చెప్పింది.

తల్లి నవ్వలేదు. మండుతున్న చేతులు కొంగుకు తుడుచుకుంటూ, “ఇంకో పది రోజులండీ. కోతలవంగానే పంపుతా. దాని పేరు మటుకు కొట్టెయ్యబాకండి” అంది.

ఇంటికొచ్చి గ్రాఫు ముందేసుకుని కూర్చున్నాను.

ఎర్ర గీతలు తగ్గింది ప్రణాళిక వల్ల కాదని, మిరప కోతల వల్లనని రిపోర్టులో రాశాను. గైడుగారు ఆ వాక్యం మీద పెన్ను పెట్టి, “ఇది వ్యవసాయ శాఖకు పంపాల్సిందమ్మా, మనకెందుకు?” అంటూ కొట్టేశారు. నేను దాన్ని తీసుకెళ్ళి, ఎవరూ చదవని ‘పరిమితులు’ అధ్యాయంలో దాచాను. ఆయన కూడా చదివినట్టు లేదు. ఫస్ట్ క్లాసు వచ్చింది.

ఆ పిల్ల మార్చిలో తిరిగొచ్చింది. పోయిన పాఠాలు చెప్పడానికి రోజూ మధ్యాహ్నం అన్నాలయ్యాక కూర్చోబెట్టుకునేదాన్ని. అది గట్టిగా చదివేది. మూడోరోజు పక్కగదిలోంచి లెక్కల మాస్టారు వచ్చి, “ఏంటండీ మేడం ఈ గోల?” అన్నారు. పుస్తకాలు సర్దుకుని ఇద్దరం సైకిలు షెడ్డులోకి మారాం.