ఆగిన కారులో నాలుగు బల్బులు

పోయిన సోమవారం పొద్దున మహబూబ్‌నగర్ నుంచి మేడం చెల్లెలు ఫోన్ చేసింది. "మీ మేడం లేదు తమ్మీ. చాయ్ పెడత కూసో అని నాకు చెప్పి వంటింట్లకు పోయింది. మల్ల రాలె." నేను అచ్చంపేటలో బస్సెక్కి చేరేసరికి అంతా అయిపోయింది. ఖబ్రస్థాన్‌లో తడి మట్టి దగ్గర కాసేపు నిలబడి వచ్చేశాను. అక్కడ ఏమీ మాట్లాడలేకపోయాను కనుక ఇక్కడ రాస్తున్నాను.

మేడం పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చెప్పేవారు. నేను ఆమె పేపరే రెండుసార్లు తప్పి, చదువు మానేసి డ్రైవర్నయ్యాను. అయినా బజార్లో కనబడితే ఆగి పలకరించేవారు. ఆమె సంచిలో తస్బీ పూసల దండ, టెస్టరు ఒకే అరలో ఉండేవి. చాయ్ సాసర్‌లో పోసుకుని ఊదుకుంటూ తాగేవారు. క్లాసులో ఎవరైనా కష్టమైన ప్రశ్న అడిగితే, "నాకు తెల్వది" అని ముందే చెప్పేసేవారు. "తెల్వకపోతే సిగ్గు లేదు. చూడకపోతే సిగ్గు" అనేవారు.

తొంభైల చివర్లో నేను అచ్చంపేటలో ఒక డాక్టరు గారి కారు నడిపేవాణ్ణి. ఆయన బావమరిది గల్ఫ్ నుంచి తెప్పించిన కారు అది. దానికి కార్బురేటర్ లేదు. ఇంజెక్టర్లని నాలుగు సన్న నాజిళ్ళు పెట్రోలు చిమ్ముతాయి. ఎప్పుడు చిమ్మాలో డాష్‌బోర్డు కింది రేకుపెట్టెలో ఉన్న కంప్యూటర్ చెబుతుంది. మా చుట్టుపక్కల దాని మూత ఎత్తగల మెకానిక్కే లేడు.

ఒకరోజు అడవి అంచు గూడెం నుంచి పాము కరిచిన మనిషిని తీసుకొస్తున్నాను. చింతపండు ఏరబోయిన ఆడమనిషి. వెనక సీట్లో భర్త ఒడిలో తల పెట్టుకుని పడుకుంది. గుట్ట మలుపు ఎక్కుతుండగా ఇంజిన్ ఆగిపోయింది. ఎంత తిప్పినా రాలేదు. ఎత్తు దారి, నూకడానికి మేమిద్దరమే. దారినపోయే వాళ్ళు వచ్చి చెయ్యేసేదాకా అరగంట పట్టింది. అందరం కలిసి మలుపు దాటేదాకా నూకాక, తాళం తిప్పగానే ఏమీ ఎరగనట్టు స్టార్టయింది. అప్పటికే ఆమె పోయింది.

తర్వాత కారు అదే చోట ఇంకో రెండుసార్లు ఆగింది. ఆమే అక్కడ కూర్చుని బండ్లను పట్టుకుంటున్నదని జనం అనడం మొదలుపెట్టారు. మలుపులో నిమ్మకాయలు కోసి పడేసేవారు. నాకూ నిద్ర పట్టేది కాదు. చివరికి మేడం ఇంటికి వెళ్ళాను. నవ్వుతారనుకున్నాను, నవ్వలేదు.

"ఎంత దూరం నూకినంక స్టార్టయింది?"

"నూరడుగులుంటది మేడం."

"వాసన గిట్ల వచ్చిందా?"

"పెట్రోలు వాసన. గుప్పున."

ఆమె సాసర్ కింద పెట్టారు. "ఇంజిన్ ఆగినంక పెట్రోలు ఎందుకొస్తది?"

డాక్టరు గారు ఒప్పుకున్నాక ఆ రేకుపెట్టె విప్పి చిప్ తీశారు. పైన చిన్న గాజు కిటికీ ఉన్న చిప్. దానిలోని ప్రోగ్రామును కాలేజీ ల్యాబులో నకలు తీసి, అంకెలన్నీ కాగితాల మీద అచ్చు వేయించి మంచం నిండా పరిచారు. ఇంజెక్టర్లకు ఆజ్ఞ వెళ్ళే చోటు దొరకడానికి నెలన్నర పట్టింది. అక్కడ తనవి నాలుగు వరుసలు చేర్చారు: ఏ ఇంజెక్టరును తెరవమని కంప్యూటర్ చెబితే దాని వంతు బల్బు వెలగాలి. కొత్త చిప్‌లోకి ఎక్కించి, అసలుదాన్ని సిగరెట్టు పెట్టె వెండి కాగితంలో చుట్టి దాచారు. "తప్పు చేస్తే నకలు మీదనే చెయ్యాలె బేటా."

మిట్టమధ్యాహ్నం ఇద్దరం బయలుదేరాం. రేకుపెట్టెకు తీగలతో కలిపిన బల్బుల చెక్క ఆమె ఒళ్ళో ఉంది. దారంతా నాలుగూ ఒక వరుసలో మినుకుమన్నాయి. మలుపు దగ్గరకు రాగానే వరుస చెదిరింది. ఇంజిన్ దగ్గి ఆగింది. నేను తాళం మీద చెయ్యి వేశాను.

"ముట్టకు," అన్నారు మేడం మెల్లగా.

ఇంజిన్ ఆగింది గానీ బల్బులు ఆగలేదు. బానెట్ కింద ఎవరో గోటితో గీకుతున్నట్టు టిక్కు టిక్కు. పెట్రోలు వాసన. చుట్టూ ఒక్క పిట్ట కూత లేదు. మేడం పెదవులు దువా చదువుతున్నాయి. చదువుతూనే బల్బుల వరుస కాగితం మీద రాసుకుంటున్నారు.

"బండి నడుస్తున్నదనే అనుకుంటున్నది ఇది," అన్నారు.

తర్వాత తల బయటపెట్టి పైకి చూశారు. మా నెత్తి మీదుగా, డ్యాం నుంచి వచ్చే హైటెన్షన్ తీగలు. సన్నగా గుయ్‌మంటున్నాయి. దిగి బానెట్ ఎత్తి, ఇంజిన్ తిరుగుతున్నదీ లేనిదీ కంప్యూటర్‌కు చెప్పే తీగను వేలితో తడుముతూ పోయారు. ఒకచోట ఇనుప తీగ కట్టు కింద దాని పైనున్న జాలీ తొడుగు అరిగి తెగిపోయింది. అక్కడినుంచే పైతీగల కరెంటు సద్దు లోపలికి దూరుతున్నది. ఆ సద్దునే కంప్యూటర్ ఇంజిన్ తిరుగుడు అనుకుని పెట్రోలు పోసి ముంచుతున్నది.

"ఎవరు కట్టిన్రు గిట్ల?"

ఇంజిన్ కడిగినప్పుడు ఆ తీగను ఇనుప తీగతో బిగించి కట్టింది నేనే. అదే చెప్పాను. ఆమె బానెట్ దించి చేతులు తుడుచుకున్నారు. తర్వాత, "గూడెంల ఆయనకు చెప్పాలె," అన్నారు.

"వద్దు మేడం. దయ్యమనుకుంటున్నరు. అనుకోనియ్యిరి."

"ఎవరిని అనుకుంటున్నరు దయ్యమని? ఆయన పెండ్లాంను. చెప్పాలె బేటా. నేనొస్త."

కొత్త తీగ వేశాక గూడేనికి వెళ్ళాం. అతను తేనె పిండుతున్నాడు. నేను చెబుతుంటే చేతులు కడుక్కోకుండానే విన్నాడు.

"గట్లయితే ఆమె గాడ లేదా?" అని మేడంను అడిగాడు.

"లేదు తమ్మీ. ఎన్నడు లేదు."

అతను నావైపు తిరిగాడు. "నువ్వు కట్టిన తీగనా?"

"అవునన్నా."

తిడతాడేమోనని చూశాను. తిట్టలేదు. "జర సూపియ్యి," అన్నాడు.

మలుపు దగ్గర మేడం పాత తీగ మళ్ళీ తగిలించి, పెట్రోలు రాకుండా ఇంజెక్టర్ల ప్లగ్గులు పీకేశారు. అతను వెనక సీటు ఎక్కి, ఆ రోజు కూర్చున్న చోటే కూర్చున్నాడు. నేను తాళం ఒక్క మెట్టు తిప్పాను. కదలని బండిలో బల్బులు ఒకదాని తర్వాత ఒకటి వెలగసాగాయి.

"బండి, పోతున్ననే అనుకుంటున్నదా?" అని అడిగాడు అతను.

"ఆ. ఆ పొద్దు గూడ గట్లనే. దవాఖానకు పోతున్ననే అనుకున్నది," అన్నారు మేడం.

మేడం వెనక్కి వెళ్ళి అతని పక్కన కూర్చున్నారు. గుట్ట మీంచి మేకల మంద దిగి, కారుకు రెండు పక్కలా చీలి వెళ్ళిపోయింది. అద్దంలో చూశాను. తేనె అంటిన అతని అరచేతులు ఒళ్ళో పైకి తిరిగి ఉన్నాయి, మధ్యలో ఒక తల పట్టేంత జాగా వదిలి.