దర్జీ అక్క దాచుకున్న మాట

వీధిలో అందరికీ ఆమె దర్జీ అక్క. వయసు నలభై ఆరు. చేతులకు ఎంత పనో నోటికి అంతకు రెండింతలు. "మీ నడుమేం పెరగలేదు, నా టేపే కురచయింది లెండి" అని నవ్విస్తూ కొలతలు తీసేది.

ఒక మంగళవారం ఉదయం పదకొండింటికి ఒకడు ప్యాంటు కుట్టించాలంటూ కొట్లోకి వచ్చాడు. పాతికేళ్లుంటాయేమో. ఆమె కొలతలు తీసి, టేపు మెడలో వేసుకుని, చీటీ రాయడానికి అటు తిరిగింది. అంతే, వెనక నుంచి ఆ టేపే మెడకు బిగుసుకుంది. పక్క కొట్టు జిరాక్సతను సూది అడగడానికి వచ్చి కేక పెట్టకపోతే ఆమె దక్కేది కాదు. వాడు ఆమె మెడలో గొలుసు తెంపుకుని పారిపోయాడు.

ఆమె లేచి, కింద పడ్డ జాకెట్లు దులిపి, ఒక్కొక్కటే మడత పెట్టడం మొదలుపెట్టింది. జిరాక్సతను నీళ్లు అందిస్తే, "ముందు నువ్వు తాగు, నీ మొహంలో నెత్తుటి చుక్క లేదు" అంది.

"మనిషి ఎలా ఉంటాడమ్మా?" పోలీసాయన అడిగాడు.

"నడుము ముప్పై రెండు, పొడవు ముప్పై తొమ్మిది."

"వేళాకోళమా?"

కాదు. ఎంత తలచుకున్నా మొహం ఉండాల్సిన చోట ఆమెకు ఏమీ కనిపించలేదు.

గట్టి గుండె అని అందరూ మెచ్చుకున్నారు. పదో రోజు వంటింట్లో భర్త వెనక నుంచి భుజం మీద చెయ్యి వేశాడు. ఆమె గిరుక్కున తిరిగి ఒక్క తోపు తోసింది. ఆయన నుదురు అలమర అంచుకు తగిలి చిట్లింది. "నేనే, నేనే" అని ఆయన అంటూనే ఉన్నాడు. ఆమె గోడ మూలకు ఒదిగి తన చేతులకేసి చూసుకుంటూ ఉండిపోయింది. అవి తన చేతుల్లా లేవు.

చూడ్డానికి వచ్చిన ఆడపడుచు, "అయినా వదినా, ముక్కూ మొహం తెలియనివాణ్ణి లోపలికెందుకు రానిచ్చావు?" అంది.

"నాది కొట్టమ్మా, కోట కాదు" అని మాత్రం అనగలిగింది దర్జీ అక్క. ఆ మర్నాటి నుంచి కొట్టు తెరవడం మానేసింది.

"మనసు డాక్టరు దగ్గరికా? నాకేమన్నా పిచ్చా?" అంది, భర్త బయల్దేరమంటే.

"నీకు పిచ్చయితే ఇరవై రెండేళ్లలో నాకెప్పుడో అంటుకునేది. పద."

మూడోసారి వెళ్లినప్పుడు, భర్తకు కూడా చెప్పనిది బయటపెట్టింది.

"డాక్టరమ్మా, వాడు గొంతు బిగిస్తుంటే నేనేమన్నానో తెలుసా? 'నెమ్మదిగా బాబూ' అన్నాను. చంపుతున్నవాణ్ణి బాబూ అన్నాను! కేక పెట్టలేదు, తిట్టలేదు. సిగ్గుతో చచ్చిపోతున్నాను."

"ప్రాణభయంలో నోటికి అలవాటైన మాటే వస్తుందమ్మా. కత్తి చూపించినవాణ్ణి కూర్చోమని కుర్చీ లాగిన మనిషి కూడా నాకు తెలుసు. అది మీ తప్పు కాదు."

"నిజంగా? కుర్చీ లాగారా?"

దర్జీ అక్క ముందుకు వంగి అడిగింది. తర్వాత, ఆ మంగళవారం నుంచి రాని ఏడుపు ఒక్కసారిగా కట్టలు తెంచుకుంది.

ఆ తర్వాత కొట్టు తెరిచింది, పొద్దున రెండు గంటల సేపే. మిషను గుమ్మానికి ఎదురుగా తిప్పుకుంది. కొలతలకు పాత బట్టలు తెమ్మంటోంది. ఒక్కోరోజు మాట్లాడుతూ మాట్లాడుతూ సగంలో ఆగిపోతుంది. వచ్చినవాళ్లు కదలకుండా వేచి ఉంటారు.

రెండు నెలలకు వాడు దొరికాడు. వరసలో నిలబెట్టిన ఏడుగురిలో ఆమె పోల్చుకోలేకపోయింది. జిరాక్సతను పోల్చాడు, నాలుగోవాడని. అప్పుడు తేరిపార చూసింది. బస్సులో పక్క సీట్లో కూర్చుంటే మళ్లీ చూడాలనిపించని మొహం. అదే ఆమెను నిలువునా కుదిపేసింది. ఆమె చూస్తుండగానే వాడు ఆవలించాడు.

"ఆవలించాడండీ" అంది బయటికొచ్చాక, భర్త చెయ్యి పట్టుకుని. "నాకు రెండు నెలలుగా నిద్ర లేదు. వాడు ఆవలించాడు."

వచ్చే నెల కోర్టులో సాక్ష్యం చెప్పాలి. వెళ్తానంటోంది. గొంతు పెగులుతుందో లేదో తెలియదు కానీ, వెళ్తానంటోంది.