బ్రేకులు ఫెయిల్ కాలేదు

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, అమ్మలారా, అక్కలారా, మీలో చాలామందికి నేను గుర్తుండే ఉంటాను. పోయిన ఏడాది కోతకాల పండుగకి ఇదే మందిరంలో, ఇదే మైకు పట్టుకుని, మా జీపు లోయలోకి దొర్లిన సంగతి చెప్పాను, మీరు కన్నీళ్లు పెట్టుకుని హల్లెలూయ అన్నారు, కూడిక అయ్యాక సంఘపెద్దలు నాకు శాలువా కప్పారు. ఆరోజు నేను మీకు చెప్పింది అబద్ధం. మీరు ఉలిక్కిపడ్డారని తెలుస్తూనే ఉంది, నేనే ఇంకా తేరుకోలేదు! అందుకే పాస్టరుగారిని బతిమాలి మళ్లీ ఇక్కడ నిలబడ్డాను.

కొత్తగా వచ్చినవాళ్ల కోసం మొదటినుంచీ చెబుతాను. నా పేరు ప్రసాదు, పాడేరు అవతల కొండమీద ఊరు మాది, పదేళ్లపాటు మా ఊరినుంచి పాడేరుకి జీపు నడిపాను. ఒక సంతరోజు పొద్దున్న పసుపు బస్తాలు, అల్లం బుట్టలు, కోళ్లు, వాటితోపాటు లోపలా పైనా మనుషులు, ఎప్పటిలాగే నిండుగా వేసుకుని బయల్దేరాను. నా పక్క సీట్లో మా అమ్మ చెల్లెలు బుద్రి పిన్ని కూర్చుంది. వాన కురిసి రోడ్డు జారుడుగా ఉంది. పెద్ద దిగుడులో రెండో మలుపు దగ్గర బ్రేకు తొక్కాను, బండి ఆగలేదు, రోడ్డు దిగి కాఫీ తోటలోకి పల్టీ కొట్టి ఒక సిల్వర్ ఓక్ చెట్టుకి తగిలి నిలిచింది. ఆ చెట్టు లేకపోతే కింద పారే గెడ్డలో పడి ఒక్కరం కూడా మిగిలేవాళ్లం కాదు. ఎవరి ప్రాణమూ పోలేదు, దేవునికే మహిమ! నాకు భుజం ఎముక విరిగింది, పిన్నికి కుడి మోచెయ్యి నలిగిపోయింది. కట్టు విప్పాక కూడా ఆ చెయ్యి చాపలేకపోయింది. కాఫీ పండు కోయడంలో మా ఊళ్లో ఆమెని మించినవాళ్లు లేరు, ఇప్పుడు ఎడమచేత్తో అన్నం తింటోంది.

నా ఎముక అతికింది గాని నేను అతకలేదు. స్టీరింగు పట్టుకుంటే చేతులు వణికేవి, ఆ దిగుడు కనబడగానే వాంతి వచ్చేది. జీపు బాగుచేయించి పెరట్లో పెడితే దానిమీద కోళ్లు పడుకునేవి. నేను కూలికి కాఫీ తోటకి పోయేవాణ్ణి. ఎవరైనా గట్టిగా పిలిస్తే చాలు గుండె దడదడలాడేది, ఆ దడని తీసుకొచ్చి ఇంట్లో నా భార్యమీద అరుపులుగా పారబోసేవాణ్ణి. ఆమె ఒక్కమాట తిరిగి అనకుండా భరించింది.

అలాంటి రోజుల్లో మా పాస్టరుగారు సాక్ష్యం చెప్పమన్నారు. అప్పటికే ఊరంతా బ్రేకులు ఫెయిలయ్యాయని అనుకుంటున్నారు. నేనూ అదే మాట అన్నాను, “సాతాను బ్రేకులు తెంపేస్తే నా యేసయ్య చెట్టు అడ్డంపెట్టాడు” అన్నాను. ఆ మాటకి మందిరం దద్దరిల్లింది. అక్కడినుంచి పిలుపులే పిలుపులు, అరకు, అనంతగిరి, చింతల మధ్య గుడిసెలో నడిచే చిన్న సంఘాలు కూడా, మొత్తం ఎనిమిది చోట్ల చెప్పాను. ఒక్కో సంఘానికీ లోయ ఇంకాస్త లోతయ్యేది. వెళ్లినచోటల్లా కోడికూర పెట్టేవారు, సిగ్గులేకుండా తిన్నాను. చేతుల వణుకు మాత్రం ఒక్క పిసరు తగ్గలేదు. ఎనిమిదిసార్లు భయంనుంచి విడుదల పొందానని చెప్పినవాణ్ణి ఇంటికి బస్సులో కళ్లు మూసుకుని వచ్చేవాణ్ణి!

పోయిన వానాకాలం మా బావమరిది మోటారుసైకిలుకి బ్రేకు వదులైతే, దాన్ని బస్సు పైన వేయించుకుని పాడేరులో సింహాచలం మేస్త్రి షెడ్డుకి తీసుకెళ్లాను. మేస్త్రిది పార్వతీపురం, ఇక్కడికొచ్చి షెడ్డు పెట్టుకుని చాలా ఏళ్లయింది, ఆయన దేవుడు వేరు, మా దేవుడు వేరు. ప్రమాదానికి వారం ముందు నా జీపు బ్రేకులు బిగించింది ఆయనే. సాక్ష్యంలో ఆయన పేరు నేనెప్పుడూ ఎత్తలేదు, అదే పెద్ద మంచితనం అనుకున్నాను. కానీ పాడేరులో ఏ బండి ఎవరు బాగుచేశారో అందరికీ తెలుసు. షెడ్డు ముందు ఒకప్పుడు జీపులు బారులు తీరేవి, ఆరోజు రెండు సైకిళ్లున్నాయి. మేస్త్రి పంక్చరు అంటిస్తున్నాడు. బ్రేకు చూడమంటే తలెత్తకుండా అన్నాడు.

“బ్రేకు పని మానీసినాను తమ్ముడూ. నీ జీపుకి ఏ నట్టు కాడ తప్పు సేసినానో ఇప్పటికీ తెలీట్లేదు. రోజూ నా సేతులు సూసుకుంతన్నాను. ఆ ముసిలమ్మ సెయ్యి నానే ఇరిసీసినాను.”

పైగా ప్రతి సంతకీ పిన్ని కోసం బియ్యం సంచి పట్టుకుని నిలబడుతున్నాడట, ఆమె తీసుకోవడం లేదట, నీ తప్పు కాదు బాబూ అంటోందట, అది ఆమె మంచి మనసు అని చెప్పి కళ్లు తుడుచుకున్నాడు.

సహోదరులారా, ఆయన చేతుల వైపు నేను చూడలేకపోయాను. ఎందుకంటే బ్రేకులు ఫెయిల్ కాలేదు! ఆ దిగుడు మొదట్లో నేను గేరు తీసి న్యూట్రల్‌లో వేసి, తాళం తిప్పి ఇంజను ఆపేశాను. డీజిలు కలిసొస్తుందని ఘాట్ రోడ్డుమీద ఆ పని పదేళ్లు చేశాను. ఇంజను ఆగితే బ్రేకు పెడలు రాయిలా బిగుసుకుంటుంది, పట్టి ఆపడానికి గేరు ఉండదు, పైగా ఆరోజు మోయలేనంత బరువు. సాతాను రానక్కరలేకుండా నేనే సరిపోయాను. తప్పు చేసినవాణ్ణి శాలువాలు కప్పించుకుంటుంటే, ఏ తప్పూ చేయనివాడు ఏడాదిన్నరగా తన చేతుల్ని తానే అనుమానించుకుంటున్నాడు!

మేస్త్రికి చెప్పలేక పారిపోయాను. నేరుగా పిన్ని ఇంటికి పోయాను, పోనీలే అంటుందని ఆశ. ఆమె ఎడమచేత్తో రాగులు చెరుగుతోంది. చేట కింద పెట్టి నా మొహంలోకి చూసింది.

“నువ్వు తాళం తిప్పీడం నాను సూసినాను కొడకా. నువ్వే సెప్తావని సూత్తన్నాను. ఎన్నాళ్లు సూడను?”

నా పక్క సీట్లో కూర్చున్న మనిషి సంగతి నాకు ఒక్కసారీ తట్టలేదు! మా ఊరి మందిరంలో నేను సాక్ష్యం చెప్పినప్పుడు ఆమె మొదటి వరసలో కూర్చుని విన్నది.

మర్నాడు పొద్దున్నే ఒక్కణ్ణే ఆ కాఫీ తోటలోకి దిగి, చెట్టు బెరడు ఊడిన చోట మోకరించాను. జరిగినదంతా దేవుడికి మొదటినుంచీ చెబుదామని మొదలుపెట్టాను, “ప్రభువా, బ్రేకు తొక్కాను” అన్నాను. అంతే, అక్కడే ఆగిపోయాను. ఎనిమిది సంఘాల్లోనూ నా కథ బ్రేకు దగ్గరే మొదలైంది, దానికి ముందున్న తాళం దగ్గరికి నేను ఒక్కసారీ పోలేదు, నా మనసులో నాకు నేను చెప్పుకున్నప్పుడు కూడా పోలేదు. భయం అనుకున్న వణుకులో సగం ఈ దాపరికమే. అప్పుడు, “ప్రభువా, తాళం తిప్పింది నేనే, పిన్ని చెయ్యి విరిచింది నేనే, మేస్త్రి అన్నం తీసేసింది నేనే” అని పెద్దగా ఏడ్చాను. తోటలో కలుపు తీసేవాళ్లు ఎవరో చచ్చిపోయారనుకుని పరుగెత్తుకొచ్చారు.

ఆరోజే షెడ్డుకి వెళ్లి చెప్పాను. మేస్త్రి కొడతాడనుకున్నాను, కొడితే బాగుండు అనుకున్నాను. ఆయన సబ్బుపొడితో చాలాసేపు చేతులు కడుక్కున్నాడు. తర్వాత ఒకటే మాట. “ఏ ఏ గుడుల్లో సెప్పినావో అన్నిట్లోనూ సెప్పు. నానొచ్చి ఇంతాను.”

అలాగే వచ్చాడు. ఏడు సంఘాలకీ వచ్చి వెనక కూర్చుని విన్నాడు, నాతో మాట్లాడకుండా వెళ్లిపోయాడు. కొన్నిచోట్ల నన్ను తిట్టారు, ఒకచోట మధ్యలోనే మైకు లాక్కున్నారు, వాళ్లమీద నాకు కోపం లేదు. ప్రతి కూడికకీ భయపడుతూనే వెళ్లాను, చెప్పాక చచ్చిపోలేదు. పడ్డవాడు లేవడమంటే ఇదేనని నాకు మెల్లగా అర్థమైంది. ఇప్పుడు జీపు మళ్లీ నడుపుతున్నాను, రెండో గేరులో దిగుతున్నాను, ఇంజను ఆపడం లేదు. వణుకు పూర్తిగా పోయిందని చెప్పను, ఇక్కడ ఇంకో అబద్ధం ఆడలేను. వచ్చినప్పుడు బండి పక్కకి ఆపి, ప్రసాదూ, నిన్న ఎవరికి ఏం దాచావు అని దేవుడి ముందు నన్ను నేను అడుగుతాను, దాచినది ఉంటే ఆ సాయంత్రమే వెళ్లి చెబుతాను, చెయ్యి కుదురుకుంటుంది. నా భార్యకి కూడా అలాగే క్షమాపణ చెప్పుకున్నాను.

మీది ఎనిమిదో సంఘం, ఆఖరిది. ఈ ఉదయం బయల్దేరబోతుంటే మేస్త్రి మా ఊరికి వచ్చాడు. సంచిలోంచి పానాలు తీసి జీపు కిందకి దూరాడు, నాలుగు చక్రాలూ విప్పి బ్రేకులు చూసి, బిగించి, బయటికొచ్చి చేతులు తుడుచుకున్నాడు. ముందు సీట్లో ఎక్కి కూర్చుని “బేగి పోనీ” అన్నాడు. దారంతా నేను ఏడుస్తూనే నడిపాను.

సహోదరులారా, దెబ్బ తిని ఇక్కడ కూర్చున్నవాళ్లు ఉంటారు, పంట పోయినవాళ్లు, బిడ్డని పోగొట్టుకున్నవాళ్లు, ఎవరి తప్పూ లేకుండా పడినవాళ్లు కూడా ఉంటారు, మేస్త్రిలాగా లేని తప్పు మోయకండి, నాలాగా ఉన్న తప్పు దాచకండి, ఏది ఏదో తెలియకపోతే ఒంటరిగా మోకరించి ఆ దేవుణ్ణే అడగండి. ఆయన సత్యం చూపిస్తే భయపడకండి, చూపించినవాడే చెయ్యి పట్టుకుంటాడు, నన్ను పట్టుకున్నాడు.

ఇంకొక్క మాట మిగిలింది. ఎనిమిది సంఘాల్లో నిజం చెప్పాను గాని, ఆయన మొహం చూసి అడగాల్సింది ఇంతవరకూ అడగలేకపోయాను. ఆయన అదిగో, గుమ్మం పక్కన కూర్చున్నాడు. సింహాచలం మేస్త్రీ, నీ చేతుల్లో ఏ తప్పూ లేదు. నన్ను క్షమించు. నన్ను ఈ మాట అనేదాకా తెచ్చిన దేవునికే మహిమ.